కొండల్ చెప్పిన ఒక్క గంట

సూర్యాపేటలో కొండల్ ఏం పని చేస్తాడో వాళ్లమ్మకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పాలకీడులో ఎవరైనా అడిగితే ఐలమ్మ "మావోడు టోకెన్లు కాస్తడు" అని చెబుతుంది. తాను నలభై గొర్లను కాస్తున్నట్టే కొడుకు కూడా దేన్నో కాస్తున్నాడని ఆమె లెక్క. విన్నవాళ్లు నవ్వుతారు గానీ, నిజానికి ఆ ఉద్యోగాన్ని అంతకంటే బాగా చెప్పడం ఎవరివల్లా కాదు.

వానాకాలం పంట కోతకొచ్చిందంటే మిర్యాలగూడ చుట్టుపక్కల రోడ్లు రోడ్లలా ఉండవు. కోత మిషన్ పచ్చి వడ్లను నేరుగా ట్రాక్టర్‌లో పోస్తుంది, ట్రాక్టర్ నేరుగా మిల్లు దారి పడుతుంది. ఎండబెట్టడానికి ఎవరికీ తీరికా లేదు, కల్లమూ లేదు. అందరి చేలూ ఒక్కసారే పండుతాయి, అందరి ట్రాక్టర్లూ ఒక్కసారే బయలుదేరుతాయి. ఒకప్పుడు రైతులు మిల్లుల ముందు మూడేసి రోజులు ట్రాక్టర్ల కిందే వండుకుని తిని, ట్రాక్టర్ల కిందే పడుకున్నారు. ఆ బాధ చూడలేక టోకెన్ పద్ధతి పెట్టారు. కోతకు ముందు రైతు పేరు చెప్పుకుంటే ఫోన్‌కు ఒక నంబరు, ఒక తేదీ వస్తాయి. మిల్లు గేటు దగ్గర ఆ నంబరు కొట్టాలి. కంప్యూటర్ ఔనంటే గేటు తెరుచుకుంటుంది. కాదంటే ఎంతటివాడైనా బయటే.

ఆ ఔను, కాదు చెప్పే డేటాబేస్‌ను చూసుకునేవాడు కొండల్. కంపెనీ కోదాడ సాయిబాబుది. సూర్యాపేట బస్టాండు వెనక టైర్ల షాపు పైన రెండు గదుల ఆఫీసు. డేటాబేస్ మాత్రం అక్కడ లేదు. క్లౌడ్‌లో ఉంది అంటారు. మబ్బూ లేదు గిబ్బూ లేదు, ఎక్కడో దూరాన ఒక పెద్ద కంపెనీ కట్టుకున్న బిల్డింగ్, దాని నిండా కంప్యూటర్లు, వాటిలో ఒకటి మనకు కిరాయికి. అంతే సంగతి.

ఆ బిల్డింగ్‌కు ఏమైనా అయితే ఎట్లా? దానికోసమే రెండో మిషన్ ఒకటి ఉంటుంది. ఆఫీసులో దాన్ని "రెండోది" అనేవాళ్లు. అది ఇంకో ఊళ్లో, ఇంకో బిల్డింగ్‌లో కూర్చుని, మొదటిది ఏది రాసుకుంటే తానూ అప్పటికప్పుడు అదే రాసుకుంటుంది. మొదటిది పడిపోతే నిమిషంలో పని అందుకుంటుంది. గేటు దగ్గర నిలబడ్డవాడికి తెలియను కూడా తెలియదు.

కోతలు అయిపోయి మిల్లులు బాయిలర్లు ఆర్పేస్తే, సాయిబాబు కూడా రెండోదాన్ని తీసేయించేవాడు. ఖాళీగా ఉన్నదానికి కిరాయి ఎందుకని. మళ్లీ సీజన్ ముందు పంచాంగం తిరగేసి, మంచిరోజు చూసి, ల్యాప్‌టాప్ ముందు కొబ్బరికాయ కొట్టి కొత్తగా పెట్టించేవాడు. ఒక ఏడు ఆ కొబ్బరినీళ్లు కీబోర్డ్‌లోకి పోయి రెండు బటన్లు బిగుసుకుపోతే, కొండల్ వారంపాటు ఆ రెండు అక్షరాలు లేకుండానే మెయిళ్లు రాశాడు.

ఆ ఏడు కోతలు వెనకబడ్డాయి. సాయిబాబు ఒక గురువారం మంచిదన్నాడు. సరిగ్గా బుధవారం నాడు పాలకీడులో గొర్లు ముక్కులు కారుస్తూ మేత మానేశాయని ఐలమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. కొండల్ లీవు పెట్టి పోయాడు. డాక్టర్ని వెతికి పట్టుకుని, ఒక్కో గొర్రెను కాళ్ల మధ్య ఇరికించుకుని, నలభైకీ సూదులు వేయించి శనివారం తిరిగొచ్చాడు. శుక్రవారమే మూఢం మొదలైంది.

"మూఢం వచ్చేసింది కదయ్యా కొండలూ, ఇప్పుడు కొత్త మిషను ఎట్టా పెడతాం?" అన్నాడు సాయిబాబు.

"కొత్తది గాదు సార్. ఉన్నదానికి తోడు పెడ్తున్నం."

"తోడైనా కొత్తదే గదా. ఈ ఒక్క సీజనూ ఒకదాని మీదే లాగిద్దాం. నాలుగేళ్లలో ఒక్కసారన్నా పడిందా? ఏం కాదులే."

కొట్లాడవలసింది. అదేమన్నా పెళ్లా, గృహప్రవేశమా? ఇంటికి తాళం వేయడానికి ఎవరైనా ముహూర్తం చూస్తారా? ఈ మాటలన్నీ కొండల్‌కు తెలుసు. నోటిదాకా వచ్చాయి కూడా. కానీ ఆరేళ్ల కిందట బోరు బండి ఊళ్లోనే ఉంది గదా అని మూఢంలోనే చేన్లో బోరు వేయించాడు. దుమ్ము లేచింది తప్ప చుక్క నీళ్లు పడలేదు. తండ్రి నర్సింహ ఆ మాట మరిచిపోలేదు. దవాఖాన మంచం మీద ఆఖరి రోజుల్లో కూడా "మూఢంల ఏసినవ్ గద బిడ్డా" అన్నాడు. ఆ గొంతు ఇంకా చెవుల్లోనే ఉంది. కంప్యూటర్ చదువు చదివినవాడికి కూడా భయం భయమే.

"సరే సార్" అన్నాడు.

పోనీ బ్యాకప్ ఉంది కదా అని సర్దిచెప్పుకున్నాడు. రోజూ పొద్దున ఆరింటికి మొత్తం డేటాబేస్ ఒక కాపీగా వేరేచోట భద్రమవుతుంది. "బ్యాకప్ పూర్తయింది" అని మెయిల్ వస్తుంది. నాలుగేళ్లుగా రోజూ ఆ మెయిల్ చూసి, నిమ్మళంగా చాయ్ తాగేవాడు. ఆ కాపీని తీసి మళ్లీ డేటాబేస్‌గా నిలబెట్టడం మాత్రం ఒక్కసారి కూడా చేసి చూడలేదు. ఎంతసేపు పడుతుందో, అసలు నిలబడుతుందో లేదో అతనికి తెలియదు. తెలియదన్న సంగతి కూడా ఆ రోజుదాకా తట్టలేదు.

ఆ రోజు మంగళవారం. పొద్దున పదీ నలభైకి టోకెన్లు ఆగిపోయాయి.

మొదట నెట్ పోయిందనుకున్నాడు. కాదు. మిషన్ పలకడం లేదు. క్లౌడ్ కంపెనీ పేజీ తెరిస్తే, ఒక బిల్డింగ్‌లో కరెంటు దగ్గర ఏదో తేడా వచ్చింది, చూస్తున్నాం అని రెండు లైన్లు. ఏ బిల్డింగో చూశాడు. మనదే.

పదకొండూ పావుకు సుగుణ ఫోన్.

సుగుణ కొండల్‌కు అక్క, తొమ్మిదేళ్లు పెద్దది. ఆమె ఏడో తరగతిలో బడి మానేసి గొర్ల వెంట పోబట్టే తమ్ముడు బడికి పోయాడు. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనరు, ఆమె అసలే అనదు. నిడమనూరు ఇచ్చారు. బావ ధర్మేందర్‌కు నాలుగెకరాలు ఉంది, ఇంకో మూడు కౌలుకు చేస్తారు. ఆ ఏడు పంట మొత్తం ఒకే ట్రాక్టర్‌కు తగిలించిన రెండు ట్రాలీల్లో పోసుకుని, బావ పొలం దగ్గర మిగతా పని చూసుకుంటుంటే, డ్రైవర్‌తో ఆమే మిర్యాలగూడ మిల్లుకు వచ్చింది.

"తమ్మీ, గేటు కాడ మీ మిషన్ బందయిందంటున్నరు. నంబర్ కొడ్తే ఏం వస్తలేదట."

"అవునక్కా. జర ప్రాబ్లం అయింది. సూస్తున్న."

"ఎంతసేపైతది?"

ఆ ప్రశ్నకు కొండల్ దగ్గర ఉన్న నిజమైన జవాబు ఒక్కటే. తెలియదు. బిల్డింగ్ ఎప్పుడు లేస్తుందో ఆ కంపెనీకే తెలియదు, బ్యాకప్ ఎప్పుడు నిలబడుతుందో ఇతనికి తెలియదు. కానీ అడిగింది అక్క. పాలకీడులో, నిడమనూరులో తన తమ్ముడంత తెలివైనవాడు లేడని చెప్పుకు తిరిగే అక్క. ఆమెకు తెలియదని ఎట్లా చెబుతాడు?

"ఒక్క గంట అక్కా" అన్నాడు.

ఎదురు కుర్చీలో ప్రత్యూష ఉంది. ఫోన్లు ఎత్తే అమ్మాయి. అప్పటికే ఆమె ముందు మూడు ఫోన్లు మోగుతున్నాయి.

"గంటని మీకెట్ల తెలిసింది సార్?" అంది ఆశగా.

"తెల్వలే. ఏదో ఒకటి చెప్పాలె గద."

"తెల్వదనే చెప్తే పోయె గద సార్."

"గట్లంటే వీళ్లకు పనే రాదనుకుంటరు. గంటని చెప్పు."

చెప్పింది. పాపం, ఆమె తప్పేముంది? మిల్లులకు చెప్పింది, రైతులకు చెప్పింది, కోదాడ నుంచి అరుస్తున్న సాయిబాబుకూ చెప్పింది. పావుగంటలో మిర్యాలగూడ లైన్ మొత్తం గంటలో వస్తుందట అన్న మాట పాకిపోయింది.

కొండల్ బ్యాకప్ కాపీని ఇంకో బిల్డింగ్‌లో నిలబెట్టడం మొదలుపెట్టాడు. దాని పాస్‌వర్డ్ నాలుగేళ్ల కిందటిది, దొరకడానికే అరగంట పట్టింది. పన్నెండు దాటాక కాపీ ఎక్కడం మొదలైంది. తెర మీద అంకె నూరు వైపు పాక్కుంటూ పోయింది. ఇరవై, ముప్పై, యాభై. ఒంటిగంటకు అరవై దగ్గర ఆగిపోయింది. చోటు చాలలేదట. తొందరలో మొదటి ఏడాది కొలతతో చిన్న మిషన్ తీసుకున్నాడు. డేటాబేస్ నాలుగేళ్లలో ఎంత పెరిగిందో చూసుకోలేదు. తల గోడకేసి కొట్టుకుందామనిపించింది. పెద్దది తీసుకుని మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టాడు.

ఒకటిన్నరకు మళ్లీ సుగుణ.

"తమ్మీ, మబ్బు పడ్తున్నదిరా. సాగర్ దిక్కు నల్లగైంది. కొమురయ్య మామ ఏమంటుండంటే, ఎనక మూడు కిలోమీటర్ల మీద ఒక గోదాం ఖాళీగున్నదట. ఆసామి పోసుకోమంటుండట. మనూరోళ్లయి పదకొండు ట్రాక్టర్లున్నయ్ గీడ. తిప్పుమంటవా, ఉండమంటవా?"

కొండల్ తెర వైపు చూశాడు. ఎనిమిది.

"వినవడ్తలేదా? నువ్వెట్లంటే గట్ల చేస్తం. మా తమ్ముడే సూస్తడు మిషను అని చెప్పిన, అందరు నా మొకమే సూస్తున్నరు."

తిప్పితే లైన్లో చోటు పోతుంది. తిప్పిన మరుక్షణం మిషన్ లేస్తే? గేటు ముందుదాకా వచ్చినవాళ్లను తానే వెనక్కి పంపినట్టవుతుంది. ఈసారి చోటు సరిపోయింది, కాపీ బాగానే ఎక్కుతోంది, ఎక్కేస్తుంది. అట్లా అనుకున్నాడు. అనుకోవడం కాదు, కోరుకున్నాడు. రెండింటికీ ఉన్న తేడా ఆ సమయంలో అతనికి కనపడలేదు.

"ఉండుండ్రి అక్కా. ఒక్క గంట. ఖాయం."

"గంతే గద. మంచిది" అని పెట్టేసింది. ఆమె గొంతులో ఎంత ధీమా ఉందో!

ఈసారి అంకె మొదటిసారంత వేగంగా కదల్లేదు. రెండున్నరకు ముప్పై ఎనిమిది. మూడింటికి యాభై. సూర్యాపేటలో కిటికీ రెక్కలు టపటపా కొట్టుకున్నాయి. టైర్ల షాపువాడు బయట పెట్టిన టైర్లను లోపలికి దొర్లించుకుంటున్నాడు. కొండల్ లేచి సుగుణకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. ఏడోసారి ఎత్తింది గానీ మాట వినపడలేదు. గాలి, వాన, ఎవరో "పట్టా పట్టుండ్రి, పట్టా" అని కేకలు. తరవాత ఫోన్ కట్టయింది.

ముప్పావుగంట కొట్టింది వాన. ఏ పంటనైనా ముంచడానికి అంత చాలు. ఆ టార్పాలిన్ పట్టాలు ఎండకూ దుమ్ముకూ కప్పుకునేవి, అంత గాలికి ఆగేవి కావు. పదకొండు ట్రాక్టర్లలో ఒక్కదాని మీద కూడా పట్టా నిలవలేదు.

ఐదూ యాభైకి డేటాబేస్ లేచింది. ప్రత్యూష చప్పట్లు కొట్టబోయి, కొండల్ మొహం చూసి చేతులు దించుకుంది. గేట్లు తెరుచుకున్నాయి. నిడమనూరు ట్రాక్టర్ల వంతు కూడా వచ్చింది. మిల్లు గుమాస్తా సుగుణ నంబరు కొట్టాడు, కంప్యూటర్ ఔనంది. అతను ట్రాలీలో చేయి పెట్టి, పిడికెడు వడ్లు తీసి పిండాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి.

"నంబర్ కరెక్టే ఉన్నదమ్మా. వడ్లే కరెక్ట్ లెవ్వు" అన్నాడు.

ఆ పొద్దున ఆరు తరవాత ఇచ్చిన టోకెన్లు బ్యాకప్‌లో లేవు. ఫోన్లకు పోయిన మెసేజ్‌లు చూసి వాటిని ఒక్కొక్కటిగా తిరిగి ఎక్కించడానికి బుధవారమంతా పట్టింది. కొండల్ గురువారం తెల్లారి మొదటి బస్సుకు మిర్యాలగూడ పోయాడు. పోకుండా ఉండటానికి ఇంకేదైనా పని దొరుకుతుందేమోనని బుధవారమంతా వెతుక్కున్నాడన్నది కూడా నిజమే.

రోడ్డు పక్కన పదకొండు కుప్పలు పరిచి ఉన్నాయి. ఎండ లేదు. కుప్పల్లోంచి పులిసిన వాసన, చేయి పెడితే వేడి. గింజల కొసల్లో తెల్లటి మొలకలు. సుగుణ చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని కాళ్లతో వడ్లు తిరగేస్తోంది. రెండు రోజుల్లో మనిషి సగమైంది. తమ్ముణ్ని చూసి ఆగలేదు.

కొమురయ్య పక్క కుప్ప మీద గొంతుకూర్చుని ఉన్నాడు. డెబ్బై ఏళ్ల మనిషి. "వచ్చినవా బిడ్డా" అన్నాడు. ఒక గుప్పెడు తీసి చూపించాడు. "ఇగ సూడు. నారు పోసినట్టే మొలిచింది." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. తల పక్కకు తిప్పుకున్నాడు.

కొండల్ చెప్పులు విడిచి అక్క పక్కన వడ్లు తిరగేయడం మొదలుపెట్టాడు. బస్సులో దారంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. రెండో మిషన్ ఉండాలక్కా, పెట్టలేదు. మూఢమన్నడు సార్, నేను నోరు మూసుకున్న. బోరు యాదికొచ్చి భయమైంది. బ్యాకప్ ఎట్ల లేస్తదో ఎన్నడు సూస్కోలే. చోటు సాలదని తెల్వలే. తప్పంత నాదే.

సుగుణ అంతా విన్నది. ఆమెకు అందులో సగం అర్థం కాలేదు. నిలబడి నడుము పట్టుకుంది.

"గవన్ని నాకెందుకు తమ్మీ. మిషన్లన్నంక చెడిపోవా? కోత మిషన్ చెడిపోతలేదా, మోటర్ కాలిపోతలేదా? దానికి నిన్నెవరంటరు?"

కొండల్ తలెత్తాడు.

"నీకు తెల్వనప్పుడు తెల్వదంటే అయిపోతుండె గద. గోదాం గాడనే ఉండె. అందరం పోతుంటిమి. నువ్వు ఖాయమన్నవ్. నేను పదిమందికి ఖాయమని చెప్పిన." ఆమె కొమురయ్య కుప్ప వైపు చూసింది. "కొమురయ్య మామ బండి తిప్పిండురా. నేనే పోయి ఆపిన."

కొండల్ అన్ని తప్పులూ ఒప్పుకోవడానికి వచ్చాడు, ఈ ఒక్కటి తప్ప. దీన్ని తప్పని కూడా అనుకోలేదు. ధైర్యం చెప్పాననుకున్నాడు. అక్కడే వడ్ల మీద కూలబడి, మోకాళ్లలో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. సుగుణ ఓదార్చలేదు, తిట్టలేదు. ఇంకో సాలు తిరగేయడానికి అవతలి కొసకు పోయింది.

ఆ వడ్లు కోళ్ల దాణాకు పోయాయి. సుగుణ వాళ్లు కౌలు పొలం వదిలేశారు. ధర్మేందర్ ఇప్పుడు మిల్లులోనే హమాలీ. ఊళ్లో మిగతా పదిమందీ సుగుణను ఏమీ అనలేదు గానీ, కోతలప్పుడు ఏ ట్రాక్టర్ ఎప్పుడు బయలుదేరాలో ఆమెను అడగడం మానేశారు. కొమురయ్య ఆ ఏడు తరవాత వరి వేయలేదు.

సాయిబాబు మాత్రం కొండల్‌ను పిలిచి భుజం తట్టాడు. "చూశావా? అందుకే అంటా నేను, మూఢంలో ఇట్టాంటివే జరుగుతయ్ అని" అన్నాడు. ఇట్లాంటి మనిషిని ఏమనాలి? ఆ సాయంత్రమే కొండల్ ఎవరినీ అడక్కుండా, కొబ్బరికాయ లేకుండా రెండోదాన్ని పెట్టేశాడు. మళ్లీ తీయలేదు. సాయిబాబు రెండు రోజులు గొణిగి ఊరుకున్నాడు.

ఇప్పుడు నెలకోసారి కొండల్ బ్యాకప్ కాపీని తీసి వేరే మిషన్ మీద నిలబెట్టి చూస్తాడు, గడియారం పెట్టుకుని. పాస్‌వర్డ్ చేతిలో ఉండి, మిషన్ సరైన కొలతదైతే నాలుగు గంటల నలభై నిమిషాలు పడుతుంది. ఆ అంకెను కాగితం మీద రాసి గోడకు అంటించాడు. ప్రత్యూషకు చెప్పాడు, తెలియనిది తెలియదనే చెప్పమని. ఆఫీసులో అందరూ సార్ ఎంత పద్ధతి మనిషో అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా అతను ఆ కాగితం వైపు నుంచి మొహం తిప్పుకుంటాడు. ఆ కాగితం ఆ మంగళవారం గోడ మీద ఉంటే పదకొండు ఇళ్లు నిలబడేవి. ఇప్పుడు ఎవరికి కావాలి?

సుగుణ ఫోన్ చేయడం మానలేదు. అమ్మ ఎట్లున్నదని అడుగుతుంది, తిన్నవా అని అడుగుతుంది. తమ్ముడి మీద కోపం లేదని అందరితో చెబుతుంది, నిజంగానే లేదు. మొన్నామధ్య అక్క కూతురు లహరికి జ్వరమని తెలిసి కొండల్ బత్తాయిలు కొనుక్కుని బస్సెక్కాడు. ఎక్కి ఫోన్ చేశాడు.

"అక్కా, బస్సెక్కిన. వస్తున్న."

"మంచిది తమ్మీ, రా."

ఎంతసేపట్ల వస్తవ్ అని అడుగుతుందేమోనని ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని కూర్చున్నాడు. అడగలేదు.